27–6 తర్వాత ఏమైంది?

ఫుట్‌బాల్ అనగానే మెస్సీని తలుచుకోకండి. ఇది అమెరికన్ ఫుట్‌బాల్. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తాలి, అవతలివాళ్లు మీదపడి పడగొట్టాలి. మన కబడ్డీకి దూరపు చుట్టం అనుకోండి, సరిపోతుంది.

నాకు ఈ ఆటలో పెద్దగా ప్రవేశం లేదు. కానీ 1912లో కార్లైల్ ఇండియన్ స్కూల్ ఆడిన సీజన్ మాత్రం ఎవరు అడిగినా చెప్తాను, అడక్కపోయినా చెప్తాను. ‘ఇండియన్’ అంటే మనం కాదు, అమెరికా ఆదివాసీలు. పెన్సిల్వేనియాలోని పాత సైనిక బ్యారక్‌లలో 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైన్యాధికారి పెట్టిన బడి అది. ఎక్కడెక్కడి పిల్లల్నో రైలెక్కించి తీసుకొచ్చేవారు. జుట్టు కత్తిరించి, పేర్లు మార్చేసేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. ఆదివాసీని ఆదివాసీగా మిగలనివ్వకపోవడమే అక్కడి అసలు సిలబస్. చదువుకోడానికి వచ్చి అక్కడే చనిపోయిన పిల్లల సమాధులు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నాయి.

అలాంటి బడి నుంచి వచ్చిన జట్టు పెద్ద పెద్ద కాలేజీల మీద పడింది. కోచ్ పాప్ వార్నర్. స్టార్ ప్లేయర్ జిమ్ థోర్ప్. ఆ వేసవిలోనే స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు కొట్టి వచ్చాడు. మొత్తం 14 మ్యాచ్‌లు. 12 గెలుపులు, ఒక డ్రా, ఒక ఓటమి. వీళ్లు కొట్టింది 504 పాయింట్లు, ఇచ్చింది 114. వీటిలో ఎక్కువ మ్యాచ్‌లు బయట ఊళ్లలోనే. ఎందుకంటే టికెట్ డబ్బులు అక్కడే వచ్చేవి. అక్టోబర్ 26న జార్జ్‌టౌన్‌తో ఆడారు, 28న కెనడాలో టొరంటో జట్టుతో! మధ్యలో ఒక్క ఆదివారం. మనమైతే బస్సులో నాలుగు గంటలు కూర్చుంటే నడుం పట్టేసిందంటాం.

నవంబర్ 9. వెస్ట్ పాయింట్. అమెరికా సైన్యానికి అధికారుల్ని తయారుచేసే అకాడమీ. వూండెడ్ నీ దగ్గర సైన్యం లకోటా జనాన్ని, ఆడవాళ్లూ పిల్లలూ అని చూడకుండా, కాల్చి చంపి అప్పటికి ఇంకా 22 ఏళ్లే. ఆ సైన్యానికి కాబోయే ఆఫీసర్లు ఒకవైపు, ఈ కుర్రాళ్లు మరోవైపు. స్కోరు 27–6. గెలిచింది కార్లైల్. అలెక్స్ ఆర్కాసా ఒక్కడే మూడు టచ్‌డౌన్లు చేశాడు. థోర్ప్‌ని ఆపలేక ఆపసోపాలు పడ్డవాళ్లలో ఐసెన్‌హోవర్ అనే కుర్రాడూ ఉన్నాడు. అవును, తర్వాత ప్రెసిడెంట్ అయిన ఆయనే.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. పడలేదు. వారం తిరక్కుండా పెన్సిల్వేనియా యూనివర్సిటీ చేతిలో 34–26తో ఓడారు, సీజన్‌లో ఉన్న ఆ ఒక్క ఓటమి అదే. 1913లో థోర్ప్ పతకాలు లాగేసుకున్నారు. అంతకుముందెప్పుడో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడటం నేరమట. ఆ రెండు పోటీల్లో ఏకైక విజేతగా ఆయన పేరు మళ్లీ చేరింది 2022లో. మనిషి పోయి అప్పటికి 69 ఏళ్లు.

అందరూ థోర్ప్ గురించి చెప్తారు గానీ, నా ఓటు మాత్రం గస్ వెల్చ్‌కి. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే మైదానంలో ఆట నడిపించేవాడు. ఓజిబ్వే తెగ కుర్రాడు. బడిలో పిల్లల్ని కొడుతున్నారనీ, సరిగ్గా చూడటం లేదనీ వినతిపత్రం రాసి 276 మంది విద్యార్థులతో సంతకాలు పెట్టించాడు. దాంతో 1914లో పార్లమెంటు కమిటీ కార్లైల్‌కి దిగింది. ఫుట్‌బాల్ మీద వచ్చిన డబ్బంతా ఎటుపోతోందన్న లెక్కలూ బయటికొచ్చాయి. సూపరింటెండెంట్ ఉద్యోగం ఊడింది. జట్టుని గెలిపించిన వార్నర్ మీద కూడా వెల్చ్ సాక్ష్యం చెప్పాడు. సొంత కోచ్ మీద, స్టేడియాలన్నీ చప్పట్లు కొడుతున్న రోజుల్లో!

వార్నర్ పిట్స్‌బర్గ్‌కి మారి అక్కడా గెలిచాడు. బడి 1918లో మూతపడింది. వెల్చ్ లా పట్టా తీసుకున్నాడు, ఆ తర్వాత వాషింగ్టన్ స్టేట్ కాలేజీలో నాలుగు సీజన్లు తనే కోచ్.