ఫోన్ బ్యాటరీకి హెల్త్ చూపిస్తారు, కారు క్లచ్‌కి ఎందుకు చూపించరు?

నా హ్యాచ్‌బ్యాక్ క్లచ్ 31,000 కిలోమీటర్లకే పోయింది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ గోల పెరుగుతోంది గానీ బండి స్పీడ్ పెరగట్లేదు. సర్వీస్ సెంటర్‌లో బిల్లు ₹13,800 అయింది. వారంటీలో రాదా అని అడిగితే అడ్వైజర్ చాలా మర్యాదగా, "క్లచ్ వేర్ అండ్ టేర్ ఐటమ్ సార్. మీరు హాఫ్ క్లచ్‌లో ఎక్కువ నడుపుతున్నట్టున్నారు" అన్నాడు. సరే, తీసిన పాత ప్లేట్ ఒకసారి చూపించండి అన్నా. అది స్క్రాప్‌లోకి వెళ్లిపోయిందట.

డబ్బు పోతే పోయింది. కానీ తప్పు నాదేనని తేల్చేశారు, రుజువు మాత్రం లేదు. నిజంగా నాదే అయ్యుండొచ్చు కూడా. ఆఫీస్ దారిలో రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో పాకేవాడిని. అయితే అదే దారిలో తిరిగే మా నాన్న పాత కారు 96,000 దాటింది, ఇంకా కంపెనీ క్లచ్‌తోనే నడుస్తోంది. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే. మరి తేడా ఎక్కడుంది? నా కాలిలోనా, కారులోనా? తెలుసుకునే దారి నాకు లేదు.

ఇదే ఫోన్ అయితే మనం ఊరుకుంటామా? 2018లో ఐఓఎస్ 11.3తో ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ వచ్చింది. ఐఫోన్ 14 వరకు 500 సైకిల్స్ తర్వాత, ఐఫోన్ 15 నుంచి 1,000 సైకిల్స్ తర్వాత 80 శాతం కెపాసిటీ ఉండేలా డిజైన్ చేశామని ఆపిల్ లెక్క చెప్తుంది. యూరప్‌లో అయితే 2025 జూన్ 20 నుంచి రూల్ ఉంది: కొత్తగా అమ్మకానికొచ్చే ఫోన్ బ్యాటరీ 800 సైకిల్స్ తర్వాత కూడా కనీసం 80 శాతం నిలబడాలి. పాతిక వేల ఫోన్‌కి ఇంత లెక్క అడిగే మనం, ఎనిమిది లక్షల కారు దగ్గర "మీరు నడిపేదాన్ని బట్టి సార్" అంటే తలూపి వచ్చేస్తున్నాం.

అసలు ఎన్నాళ్లు రావాలి? నా అంచనా చెప్తా. సిటీలోనే ఎక్కువ తిరిగినా, ఓ మాదిరి జాగ్రత్తగా నడిపే మనిషి దగ్గర 60,000 కిలోమీటర్లు రావాలి. హైవే ఎక్కువైతే లక్ష పెద్ద విషయం కాదు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ల చేతిలో 20,000కే అయిపోయినా ఆశ్చర్యపోను. మామూలు వాడకంలో 40,000 లోపే పోయిందంటే మాత్రం కారణం వెతకాల్సిందే.

క్లచ్ ప్లేట్‌ని తినేది వేడి. ఇంజన్ తిరిగే స్పీడ్‌కీ, గేర్‌బాక్స్ వైపు స్పీడ్‌కీ తేడా ఉన్నంతసేపూ ప్లేట్ రాసుకుంటుంది, ఆ రాపిడంతా వేడిగా మారుతుంది. మొత్తం కలిసిపోయాక అరుగుదల దాదాపు ఉండదు. కాబట్టి ఎన్ని కిలోమీటర్లు అన్నదానికంటే ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ ఆర్‌పీఎం దగ్గర రాపిడి జరిగింది అన్నదే అసలు లెక్క. ఫిజిక్స్ ఇక్కడ భలేగా ఉంటుంది. ఇంజన్ స్పీడ్ ఒకేలా ఉంచి, చదునైన రోడ్డు మీద, ఆగి ఉన్న బండిని కదిలిస్తే, క్లచ్ పూర్తిగా కలిసేసరికి బండికి ఎంత గతిశక్తి వచ్చిందో సుమారు అంతే శక్తి ప్లేట్‌లో వేడి అయిపోతుంది. అంటే 1,200 బదులు 2,400 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదిలితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు! బద్ధకించి సెకండ్ గేర్‌లో ఎత్తితే కూడా ఫస్ట్ గేర్‌తో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. ఇక ఫ్లైఓవర్ మీద జామ్ అయినప్పుడు హ్యాండ్ బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌తోనే బండిని నిలబెట్టామనుకోండి, బండి అంగుళం కదలకుండానే ప్లేట్ కాలుతూ ఉంటుంది. ఓడోమీటర్‌లో ఒక్క మీటర్ కూడా నమోదు కాదు.

ఇదంతా డ్రైవర్ వైపు కథ. రెండో వైపు కూడా ఉంది, సర్వీస్ సెంటర్‌లో అది ఎవరూ చెప్పరు. మా కాలనీ షెడ్డు మెకానిక్ అన్నకి విషయం చెప్తే మొదటి ప్రశ్నే, "పాత ప్లేట్ చూస్కున్నవా తమ్మీ?" చూడలేదన్నా. "మరి ఎట్ల తెలుస్తది?" క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారి ప్లేట్ మీద ఆయిల్ పడినా జారుతుందట. హైడ్రాలిక్ సిలిండర్ అతుక్కుపోయినా, కేబుల్‌కి ఫ్రీ ప్లే లేకపోయినా మనం కాలు తీసేశాక కూడా క్లచ్ పూర్తిగా కలవదు. అంటే మనం పెడల్ ముట్టుకోకుండానే హాఫ్ క్లచ్. ప్లేట్ మీద ఆయిల్ తడి ఉందా, ఫ్లైవీల్ మీద నీలం రంగు కాలిన మచ్చలున్నాయా, అరుగుదల ఒక పక్కకే ఉందా అని చూస్తే చాలా వరకు తెలిసిపోతుంది. నా విషయంలో ఆ సాక్ష్యమే మాయమైంది.

ఇప్పుడు గాడ్జెట్ మనుషులుగా మనకి కోపం రావాల్సిన సంగతి. ఈ లెక్క కట్టడానికి కొత్త హార్డ్‌వేర్ పెద్దగా అక్కర్లేదు. ఇంజన్ ఆర్‌పీఎం ఈసీయూకి తెలుసు. 2019 ఏప్రిల్ నుంచి మన దగ్గర కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి చక్రాల స్పీడ్ సెన్సర్లూ ఉన్నాయి. క్లచ్ నొక్కితేగానీ స్టార్ట్ కాని కార్లలో పెడల్ దగ్గర స్విచ్ కూడా ఉంటుంది. ఈ మూడు అంకెలతో రాపిడి సమయం లెక్కేయడం అంత కష్టమా? డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్‌లు చాలావాటిలో క్లచ్ వేడెక్కితే స్క్రీన్ మీద వార్నింగే వస్తుంది. అంటే లెక్క ఎలా కట్టాలో కంపెనీలకి తెలుసు. అది మన దాకా రావట్లేదంతే.

కంపెనీల మాటలో కూడా న్యాయం ఉంది. ఎవరి కాలు ఎలా ఉంటుందో తెలియకుండా ఇన్ని కిలోమీటర్లు గ్యారంటీ అని ఎవరూ ఇవ్వలేరు, నేను అడిగేదీ గ్యారంటీ కాదు. ఫోన్ బ్యాటరీ కూడా వాడకాన్ని బట్టే అరుగుతుంది, అయినా సైకిల్ కౌంట్ చూపిస్తున్నారు కదా. ఆ లాగ్ చూపించి నా క్లెయిమే తిరగ్గొట్టొచ్చు, నిజమే. తిరగ్గొట్టనివ్వండి, కనీసం అంకె చూపించి తిరగ్గొడతారు.

అప్పటిదాకా నేను చేస్తున్నది ఇది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్‌లో బ్లూటూత్ డాంగిల్ పెట్టి, ఫోన్ యాప్‌లో ఆర్‌పీఎంనీ స్పీడ్‌నీ రికార్డ్ చేస్తా. ఒకే గేర్‌లో ఉంటే ఆర్‌పీఎంని స్పీడ్‌తో భాగిస్తే వచ్చే అంకె మారకూడదు. నా కారుకి ఐదో గేర్‌లో అది సుమారు 30. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఖాళీ చూసుకుని, 50 స్పీడ్‌లో ఐదో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతా. క్లచ్ బాగుంటే రెండూ కలిసే నెమ్మదిగా పెరుగుతాయి. ఆర్‌పీఎం ముందు ఎగిరి 33, 35 అయిందంటే జారుతున్నట్టే. ఓబీడీ స్పీడ్ పూర్ణాంకాల్లోనే ఇస్తుంది కాబట్టి చిన్న ఊగిసలాటని పట్టించుకోవద్దు. ఫోన్‌ని పక్క సీట్లో వాళ్లకివ్వండి, నడుపుతూ మీరు చూడొద్దు. ఒక్క సంగతి, ఇది జారడం మొదలయ్యాకే పట్టుకుంటుంది. ప్లేట్ ఎంత మిగిలిందో చెప్పదు. అది చెప్పాల్సింది కంపెనీయే.

కొత్త ప్లేట్ మీద ఇప్పటికి 7,200 కిలోమీటర్లు అయ్యాయి. మొన్న ఆదివారం కూడా 30 దగ్గరే ఉంది. ఈసారి సర్వీస్‌కి ఇచ్చినప్పుడు జాబ్ కార్డ్ మీద నా చేత్తో ఒక లైన్ రాసిచ్చా: తీసిన ప్రతి పార్ట్ డిక్కీలో పెట్టి ఇవ్వాలి. అడ్వైజర్ నన్ను కాస్త వింతగా చూశాడు గానీ, సంతకం పెట్టాడు.