అతీత శక్తుల పద్దు: జమ బాబాకి, ఖర్చు ముసలమ్మకి

పాత టీవీ సీరియళ్ళ ప్రస్తావన వస్తే చాలు, మన హేతువాద మిత్రుల్లో చాలామంది ఒకే తీర్పు చెప్పేస్తారు. పిల్లాడు గాల్లో ఎగిరాడా, మూఢనమ్మకం. ఎదుటివాడి మనసు చదివాడా, మూఢనమ్మకం. ఇలాంటివి చూపించబట్టే జనం బాబాల వెంట పడుతున్నారట. వాటిని నిషేధిస్తే సగం పీడ విరగడవుతుందట. రాయ్‌పూర్‌లో మేం నలుగురం కూర్చున్నప్పుడల్లా ఈ పాట వింటూనే ఉన్నాను. నాకిది ఎంతమాత్రం సమ్మతం కాదు.

రక్షణ శాఖ లెక్కలు చూసి చూసి రిటైరైనవాణ్ణి. ఆ ఉద్యోగంలో ఏ బిల్లు వచ్చినా ముందు అడిగే ప్రశ్న ఒకటుంటుంది: దీన్ని ఏ పద్దు కింద రాశారు? సరైన పద్దులో రాసిన లక్ష రూపాయల గురించి ఎవరూ బెంగపడరు. తప్పుడు పద్దులో దూర్చిన వంద రూపాయలు చాలు, ఆడిట్ అభ్యంతరం లేస్తుంది. అతీత శక్తుల సంగతీ అంతే. కథ అనే పద్దులో రాసినంత కాలం వాటివల్ల నష్టం లేదు. అదే శక్తిని గుట్టుగా నిజం పద్దులోకి మార్చినవాడు ఉన్నాడు చూశారూ, మన పేచీ వాడితో. వాణ్ణి వదిలేసి కథ చెప్పినవాడి మీద పడటం ఏం హేతువాదం?

ఈ బాపతు సీరియళ్ళలో పెద్దన్నలాంటిది బ్రిటన్‌లో వచ్చిన 'ద టుమారో పీపుల్'. రోజర్ ప్రైస్ సృష్టి. థేమ్స్ టెలివిజన్ తీసింది. 1973 నుంచి 1979 దాకా ఐటీవీలో నడిచింది. మానవ పరిణామంలో తర్వాతి మెట్టు ఎక్కిన కొందరు పిల్లలు లండన్‌లో భూమి కింద ఓ రహస్య స్థావరంలో కలుసుకుంటూ ఉంటారు. ఒకరి మనసులో మాట ఇంకొకరికి వినిపిస్తుంది. ముట్టుకోకుండా వస్తువుల్ని కదిలిస్తారు. ఇక్కడ మాయమై అక్కడ తేలతారు. వాళ్ళకి సాయంగా టిమ్ అనే మాట్లాడే కంప్యూటర్. ఇవాళ చూస్తే ఆ సెట్టింగుల అట్టముక్కలతనం ఇట్టే కనిపెట్టవచ్చు. అయినా యాభై ఏళ్ళ తర్వాత కూడా దాన్ని వెతుక్కుని చూసేవాళ్ళున్నారు. ఎందుకని?

పన్నెండు పదమూడేళ్ళ పిల్లాడి స్థితి గుర్తు చేసుకోండి. గొంతు మారుతుంది, ఒళ్ళు మారుతుంది. ఇంట్లో ఎవరూ మాట వినరు, బళ్ళో ఎవరూ లెక్కచెయ్యరు. తనకేదో అవుతోందని తెలుసు, ఏమిటో తెలీదు. ఆ సీరియల్‌లో శక్తి బయటపడే ఘట్టాన్ని 'బ్రేకింగ్ అవుట్' అంటారు. పిల్లాడు తల పట్టుకుని విలవిల్లాడుతుంటే లోపలినుంచి ఓ గొంతు వినిపిస్తుంది: భయపడకు, నువ్వు ఒంటరివి కాదు, నీలాంటివాళ్ళం మేమున్నాం. ఆకర్షణ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. మాయమవడం, తేలడం పై హంగులు. పైగా ఆ పిల్లలకి ఒక కట్టుబాటు పెట్టారు. వాళ్ళు మనిషిని చంపలేరు, వాళ్ళ మనసే అడ్డుకుంటుంది. అధికారం ఉన్నవాడికి అంతకు మించిన నిగ్రహం ఉండాలని పిల్లలకి చెప్పిన సీరియల్‌ని మూఢనమ్మకాల ఖాతాలో వేస్తే ఎలా?

ఆ సీరియల్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. అది మన విమర్శకుల కంట పడనే పడదు. మామూలు మనుషుల్ని అందులో 'సాప్స్' అంటారు. హోమో సేపియన్స్‌కి పొట్టి పేరు అది. ఇంగ్లీషులో ఆ మాటకి వెర్రిబాగులవాడనే అర్థం కూడా ఉంది. తామేమో హోమో సుపీరియర్లు. పుట్టుకతోనే కొందరు ఎక్కువ, మిగతావాళ్ళు తక్కువ. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? పిల్లాడు ఎగరగలడా లేదా అని న్యూటన్ సూత్రాలతో కుస్తీ పట్టే మన మిత్రులు, పుట్టుకతో వచ్చిన గొప్పతనం అనే అసలు విషాన్ని మాత్రం దాటేసి వెళ్ళిపోతారు. కులం పేరెత్తితే ఇబ్బంది కదా!

మన దగ్గరికొద్దాం. 1997 నుంచి 2005 దాకా దూరదర్శన్‌లో 'శక్తిమాన్' వచ్చింది. తెలుగు, హిందీ తేడా లేకుండా పిల్లలు టీవీకి అతుక్కుపోయారు. శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ఒంటికి నిప్పంటించుకుంటున్నారనీ, మేడల మీంచి దూకుతున్నారనీ పత్రికల్లో వార్తలొచ్చాయి. హీరో వేసిన ముకేశ్ ఖన్నా వాటిని గట్టిగా ఖండించాడు. ఆ వాదం జోలికి నేను పోను. నేను చూసింది ఇది. ఆ మనిషే తెరమీదకొచ్చి, ఇదంతా నటన, కెమెరా పనితనం, మీరు అనుకరించకండి అని పిల్లలకి చెప్పాడు. ఇప్పుడు చెప్పండి, గాల్లోంచి విభూతి తీసిన ఏ స్వామి అయినా సభ ముగించేటప్పుడు 'ఇదంతా చేతివాటం, మీరు నమ్మకండి' అన్నాడా? శక్తిమాన్‌కి ఆ శక్తి యోగంతోనూ, చక్రాలు మేలుకోవడంతోనూ వచ్చిందని చెప్పారే, అక్కడ నాకూ అభ్యంతరం ఉంది. కల్పన మీద ప్రాచీన విజ్ఞానం అనే ముద్ర కొట్టడమంటే పద్దు మార్చడానికి తలుపు తీసి పెట్టడమే. కానీ ఆ తలుపులోంచి దొంగగా దూరినవాళ్ళు వేరే ఉన్నారు.

పద్దు మార్చితే ఏమవుతుందో 'టుమారో పీపుల్' కాలంలోనే బ్రిటన్ చూసింది. 1973 నవంబరులో యూరీ గెల్లర్ బీబీసీలో చెంచాలు వంచాడు. అది మొదలు, మేమూ వంచగలం అంటూ ఇంటింటా పిల్లలు బయల్దేరారు. లండన్ కింగ్స్ కాలేజీలో గణిత ఆచార్యుడు జాన్ టేలర్ వాళ్ళని పరీక్షించి, నమ్మి, 1975లో 'సూపర్‌మైండ్స్' అని పుస్తకమే రాశాడు. అదే ఏడాది బాత్ విశ్వవిద్యాలయంలో పాంప్లిన్, కాలిన్స్ అనే ఇద్దరు ఓ చిన్న పని చేశారు. పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి, అవతలివాళ్ళకి మాత్రమే కనిపించే అద్దం వెనకనుంచి చూశారు. గదిలో ఉన్న పరిశీలకుడు కాస్త ఏమరగానే పిల్లలు చెంచాని కాలికింద పెట్టి వంచేశారు. ఆ సంగతి 'నేచర్' పత్రికలో వచ్చింది. టేలర్ కూడా తర్వాత తన నమ్మకాన్ని వదులుకుని 1980లో అందుకు విరుద్ధంగా ఇంకో పుస్తకం రాశాడు. అది ఆయన పెద్దమనిషితనం.

అమెరికాలో జేమ్స్ రాండీ ఇంకో అడుగు ముందుకేశాడు. 1979లో స్టీవ్ షా, మైకేల్ ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళని, ఇంకా ఇరవై నిండని గారడీవాళ్ళని, సెయింట్ లూయీలో అయిదు లక్షల డాలర్ల విరాళంతో నడిచే అతీంద్రియ శక్తుల ప్రయోగశాలకి పంపాడు. జాగ్రత్తలు ఏవి తీసుకోవాలో ముందే ఉత్తరం రాసి మరీ పంపాడు! అయినా ఆ కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి శక్తిమంతులుగా చలామణి అయ్యారు. 1983లో రాండీ గుట్టు విప్పాడు. గమనించండి. సీరియల్ చూసిన పిల్లలకి అది సీరియల్ అని తెలుసు, చివర్లో నటుల పేర్లు పడతాయి కాబట్టి. బోల్తా పడింది ఆచార్యులు.

అసలు టీవీ అంటేనే మూఢత్వం పంచే పెట్టె అనేవాళ్ళు రాయ్‌పూర్ చరిత్ర మరిచిపోతున్నారు. ఇక్కడి పల్లెలకి టీవీ మొదట వచ్చింది సైట్ ప్రయోగంతో. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకి కార్యక్రమాలు అందాయి. అప్పటి మధ్యప్రదేశ్‌లోని రాయ్‌పూర్ ప్రాంతం వాటిలో ఉంది, మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. తెలుగులోనూ ప్రసారాలు జరిగాయి. పొద్దున పూట బడిపిల్లల కోసం సైన్సు పాఠాలు వేసేవారు. లండన్ పిల్లలు తెరమీద మాయమయ్యే కుర్రాళ్ళని చూస్తున్న రోజుల్లోనే, మన పల్లెల పిల్లలు నిజమైన ఉపగ్రహంలోంచి దిగిన బొమ్మని చూశారు. పెట్టెదేం తప్పు లేదు. దాంట్లో ఏ పద్దు కింద ఏం వేశామన్నదే లెక్క.

ఇక పద్దు మార్చిన ఘనుల సంగతి. 2010 తర్వాత దేశమంతా 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' దుకాణాలు వెలిశాయి. వేలకి వేలు ఫీజు కడితే మీ పిల్లాడు కళ్ళకి గంతలు కట్టుకుని పుస్తకం చదువుతాడట. మధ్యమెదడు చేసే పని కంటిపాప కదలికలు, వినికిడికి సంబంధించిన ప్రతిచర్యలు వగైరా. గంతల్లోంచి చదవడం దాని ఉద్యోగంలో లేదు. మంగుళూరుకి చెందిన నరేంద్ర నాయక్ లాంటివాళ్ళు ఊరూరా దీని బండారం బయటపెట్టారు. కిటుకు చాలా చిన్నది. ముక్కు పక్కన గంతకీ చెంపకీ మధ్య సందు ఉంటుంది, పిల్లాడు అందులోంచి కిందికి చూస్తాడు. ఆ సందు మూసెయ్యండి, లేదా పుస్తకాన్ని నుదుటికి ఎత్తున పట్టుకోండి. శక్తి ఎగిరిపోతుంది. డబ్బు పోతే పోయింది, అమ్మానాన్నల ముందు ధైర్యంగా అబద్ధమాడటం ఎనిమిదేళ్ళ పిల్లకి నేర్పి పంపుతున్నారు, అదీ నా కడుపుమంట. ఇలాంటి క్లాసుకి పిల్లాణ్ణి పంపిన తల్లిదండ్రులే, సీరియల్ చూడొద్దు చెడిపోతావు అని రిమోట్ లాక్కోవడం చూశాను!

2023 జనవరి సంగతి అందరికీ తెలిసిందే. ఎదుటివాళ్ళు చెప్పకముందే వాళ్ళ బాధలు కాగితం మీద రాసే బాగేశ్వర్ ధామ్ ధీరేంద్ర కృష్ణ శాస్త్రిని, అప్పటికి ఇరవై ఆరేళ్ళవాణ్ణి, నాగ్‌పూర్‌లో శ్యామ్ మానవ్ సవాలు చేశారు. మేం పెట్టే షరతుల మధ్య నిరూపిస్తే 30 లక్షలిస్తామన్నారు. శాస్త్రిగారు, రాయ్‌పూర్‌కి రండి అన్నారు. రాయ్‌పూర్ దర్బారు టీవీల్లో మారుమోగిపోయింది. చట్టాన్ని ఉల్లంఘించినట్టు కనిపించలేదని నాగ్‌పూర్ పోలీసులు తేల్చారు. సరే, నేరం లేదు. కానీ నేరం లేదనడం, శక్తి ఉందనడం ఒకటే కాదు. నాకు కావలసింది వోచర్. పరీక్ష జరగనిదే వోచర్ రాదు. అదే రోజుల్లో సుహానీ షా అనే గారడీ కళాకారిణి టీవీ స్టూడియోలో కూర్చుని ఎదుటివాళ్ళ మనసులో మాటలు చెప్పి, ఇది విద్య, సాధనతో వస్తుంది, దైవశక్తి కాదు అని తేల్చి చెప్పింది. ఆమె సరైన పద్దులో రాసింది. ఆమెకి నా నమస్కారం.

"పోనిద్దురూ, నమ్మేవాళ్ళు నమ్ముతారు, మీకేం నష్టం?" అంటారు కొందరు. నేను కామర్స్ చదివినవాణ్ణి. జంటపద్దు విధానంలో ఒకచోట జమ పడిందంటే ఇంకోచోట ఖర్చు పడి తీరాలి. మనసుతో దూరాన్నించి పనులు చెయ్యగల మనుషులున్నారని ఒప్పుకున్నారనుకోండి. అది వేదిక మీది యువకుడి పేర జమ అయితే బాబా. ఊరి చివర గుడిసెలో ఉన్న ఒంటరి ముసలమ్మ పేర ఖర్చు రాస్తే టోనహీ. మేలు చేసే చూపుని నమ్మినవాడు చెడు చేసే చూపుని నమ్మకుండా ఉండలేడు. సూత్రం ఒకటే కదా! మన తెలుగునాట దాని పేరు చేతబడి, బాణామతి, చిల్లంగి. పళ్ళూడగొట్టిన ఘటనలు, సజీవదహనాలు మనం ఎరగనివా?

ఛత్తీస్‌గఢ్‌లో ఈ పీడ ఎంతగా ఉందంటే, దానికోసం 2005లో ప్రత్యేకంగా టోనహీ ప్రతాడనా నివారణ చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఒక మనిషిని టోనహీ అని వేలెత్తి చూపిస్తే మూడేళ్ళ దాకా, హింసిస్తే అయిదేళ్ళ దాకా జైలు. రాయ్‌పూర్ కంటి డాక్టరు దినేశ్ మిశ్రా లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పల్లెలు తిరిగి చెబుతూనే ఉన్నారు. అయినా 2024 సెప్టెంబరులో సుక్మా జిల్లా ఇత్కల్ గ్రామంలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో అయిదుగుర్ని కొట్టి చంపారు. మన తెలుగు సరిహద్దుని ఆనుకుని ఉన్న జిల్లా అది. ఆ చంపినవాళ్ళు 'టుమారో పీపుల్' చూసి చెడిపోయారా? శక్తిమాన్ చెడగొట్టాడా? శక్తులు నిజంగా ఉంటాయని వాళ్ళకి చెప్పింది సీరియల్ కాదు. ఊళ్ళోని బైగాలు, గుళ్ళోని పెద్దలు, దర్బారుల్ని ప్రత్యక్ష ప్రసారం చేసిన చదువుకున్న యాంకర్లు, వాటిలో ముందు వరసలో కూర్చున్న నాయకులు.

కాబట్టి మిత్రులారా, పిల్లల చేతిలోంచి రిమోట్ లాక్కోకండి. వాళ్ళ పక్కన కూర్చోండి. ఆ కుర్రాణ్ణి ఎలా మాయం చేశారో అడగండి. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, మళ్ళీ కెమెరా తిప్పారని వాళ్ళే చెబుతారు. మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. ఆ తర్వాత రెండో ప్రశ్న అడగండి: ఎవరైనా నీ దగ్గరికొచ్చి నాకు నిజంగానే ఆ శక్తి ఉందంటే, ఏం చూపించమంటావు? పన్నెండేళ్ళ పిల్లకి ఈ ప్రశ్న అలవాటైతే రేపు ఏ దర్బారూ ఆమెని బోల్తా కొట్టించలేదు. ఊరు ఊరంతా ఓ ముసలమ్మ మీద పడినప్పుడు, ఆపండి, రుజువేది అని అడిగే ఒక్క గొంతు కూడా అక్కడ ఉంటుంది.