జీర్ణాశయానికి విద్యుత్ చికిత్స: ముందు నిర్ధారణ, తర్వాతే యంత్రం

జీర్ణాశయం గోడల్లో నిమిషానికి సుమారు మూడుసార్లు విద్యుత్ తరంగం పుడుతుంది. స్పెయిన్ శాస్త్రవేత్త కాహల్ పేరుతో పిలిచే కణాలు దీనికి మూలం. ఆ లయకు కండరం ముడుచుకుంటూ, తిన్న అన్నాన్ని మెత్తగా నలిపి, పైలోరస్ ద్వారం గుండా కొద్దికొద్దిగా చిన్నపేగులోకి పంపుతుంది. దారిలో అడ్డేమీ లేకున్నా ఈ పని మందగిస్తే అది గ్యాస్ట్రోపరేసిస్. ఏళ్ల తరబడి అదుపు తప్పిన మధుమేహం, మెదడును జీర్ణాశయంతో కలిపే వేగస్ నాడినీ, కాహల్ కణాలనూ దెబ్బతీయడం ప్రధాన కారణాల్లో ఒకటి. కడుపు ఆపరేషన్ల తర్వాత కూడా ఇది రావచ్చు. చాలామందిలో కారణమేదీ దొరకదు.

నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. వికారం, ఉబ్బరం వదలవు. పొద్దున తిన్నది రాత్రి వాంతిలో అరగకుండానే బయటపడుతుంది. ఇన్సులిన్ వాడేవారికి ప్రమాదం మరింత ఎక్కువ. భోజనానికి ముందు తీసుకున్న ఇన్సులిన్ పని మొదలుపెట్టే వేళకు అన్నం ఇంకా జీర్ణాశయంలోనే ఉండటంతో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పెరుగుతుంది.

ఆహార మార్పులకూ, మందులకూ లొంగని రోగుల కోసం వచ్చిందే విద్యుత్ ప్రేరణ యంత్రం. మెడ్‌ట్రానిక్ తయారుచేసిన ఎంటెరా పరికరానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో అనుమతి ఇచ్చింది. అది సాధారణ అనుమతి కాదు. కొద్దిమందికే వచ్చే జబ్బుల పరికరాలకు, మేలు జరిగే అవకాశం ఉందన్న ఆధారంతో ఇచ్చే మానవతా మినహాయింపు. లాపరోస్కోపీ ద్వారా పైలోరస్‌కు దాదాపు 10 సెంటీమీటర్ల పైన, జీర్ణాశయ కండరంలో రెండు తీగలు అమరుస్తారు. వాటిని పొట్ట చర్మం కింద పెట్టిన బ్యాటరీ యంత్రానికి కలుపుతారు. దాదాపు ప్రతి ఐదు సెకన్లకోసారి, సెకనులో పదో వంతు సేపు అది స్వల్ప విద్యుత్తు పంపుతుంది.

గుండె పేస్‌మేకర్‌లా ఇది జీర్ణాశయాన్ని నడిపిస్తుందనుకోవడం పొరపాటు. కండరం లయబద్ధంగా ముడుచుకునేలా చేయాలంటే ఇంతకంటే ఎంతో ఎక్కువసేపు నిలిచే, ఎక్కువ శక్తిగల విద్యుత్తు కావాలి. ఈ యంత్రం పంపే సూక్ష్మ ప్రేరణ ప్రధానంగా వేగస్ నాడి ద్వారా మెదడుకు చేరి వికారాన్నీ, వాంతులనూ తగ్గిస్తుందని పరిశోధకుల అంచనా. ఫ్రాన్స్‌లో 172 మందితో జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనం ఇదే దిశను చూపింది. యంత్రం పనిచేస్తున్న నెలల్లో వాంతులు తగ్గాయి. జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం మాత్రం పెరగలేదు, జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా కూడా కనిపించలేదు. కారణం తెలియని రకం రోగులపై 2013లో వెలువడిన మరో అధ్యయనంలో, యంత్రం ఆన్‌లో ఉన్నప్పటికీ ఆఫ్‌లో ఉన్నప్పటికీ మధ్య స్పష్టమైన తేడా తేలలేదు. యంత్రం అమర్చిన చోట చీము పట్టవచ్చు, తీగ జారవచ్చు. బ్యాటరీ అయిపోయినప్పుడు మళ్లీ కోత తప్పదు.

దీనికి ప్రత్యామ్నాయం జీ-పోయమ్. నోటి గుండా ఎండోస్కోప్ పంపి పైలోరస్ కండరాన్ని లోపలినుంచి కోసి ద్వారాన్ని వదులు చేస్తారు. 2022లో ప్రచురితమైన ఒక చిన్న పోలిక అధ్యయనంలో ఆరు నెలలకు ఈ ప్రక్రియ 71 శాతం మందికి ఫలించింది. ఉత్తుత్తి ప్రక్రియ జరిగినవారిలో ఆ సంఖ్య 22 శాతమే. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు ఈ ప్రక్రియ చేస్తున్నారు.

మరైగూడ లాంటి మారుమూల ఊరికి ఇవన్నీ చాలా దూరం. ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లా కుంట బ్లాకులోని ఈ సరిహద్దు ఊరికి ఆవల తెలంగాణలోని దుమ్ముగూడెం, దాని తర్వాత భద్రాచలం. బస్తర్‌కు పెద్దదిక్కయిన వైద్య కళాశాల జగదల్‌పూర్‌లో ఉంది. భద్రాచలం నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లకు పైనే. ఆరోగ్యశ్రీ తెలంగాణ వాసులకే వర్తిస్తుంది కాబట్టి, సరిహద్దు దాటి వచ్చిన కుటుంబానికి రాష్ట్రాలు దాటినా చెల్లే ఆయుష్మాన్ భారత్ కార్డే ఆధారం.

ఇలాంటి చోట వాంతులతో వచ్చిన మనిషిని మలేరియా రోగిగానో, గ్యాస్ ట్రబుల్‌గానో చూసి పంపేయడం తేలిక. అల్సర్, క్షయ, క్యాన్సర్ వల్ల జీర్ణాశయం ద్వారం మూసుకుపోయినా ఇవే లక్షణాలు వస్తాయి. అందుకే మొదట ఎండోస్కోపీ చేసి అడ్డు లేదని తేల్చుకోవాలి. తర్వాత స్వల్ప రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం తినిపించి నాలుగు గంటలపాటు స్కానింగ్ చేయాలి. నాలుగో గంటకు పదో వంతుకు మించి లోపల మిగిలితే జబ్బు ఉన్నట్టే. విదేశాల్లో ఈ పరీక్షకు గుడ్డు, రొట్టె వాడతారు. ఇడ్లీతో చేసే పద్ధతి మన దేశంలో ఉంది. నిర్ధారణ లేకుండా లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్ వంటి మందులు నెలల తరబడి మింగితే చేతులు వణకడం, కండరాలు బిగుసుకోవడం, నోరు దానంతట అదే కదలడం వంటి ఇబ్బందులు రావచ్చు.

జబ్బు తేలాక మొదటి చికిత్స వంటింట్లోనే ఉంది. ద్రవాహారం ఘనాహారం కంటే సులువుగా జారుతుంది కాబట్టి అంబలి, జావ, మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తీసుకోవడం మేలు. నూనె, పీచు ఎక్కువున్నవి తగ్గించాలి. అడవిలో విరివిగా దొరికే తునికి పండ్ల విషయంలో జాగ్రత్త అవసరం. తూర్పు ఆసియాలో తినే పెర్సిమన్ పండు మందగించిన జీర్ణాశయంలో రాయిలా గడ్డకట్టడం వైద్యులకు తెలిసిందే. తునికి కూడా అదే డయోస్పైరస్ ప్రజాతి చెట్టు.

విద్యుత్ ప్రేరణ యంత్రం మంచి సాధనమే. అన్ని మందులూ విఫలమై, వాంతులతో బరువు కోల్పోతున్న కొద్దిమందికి అది ఊరట. వారికి అది అందాలి, పేదరికం అడ్డు కాకూడదు. అయితే ప్రభుత్వం మొదటి రూపాయి ఖర్చు పెట్టాల్సింది యంత్రం మీద కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో క్రమం తప్పని చక్కెర పరీక్ష, ఇన్సులిన్ సరఫరా, భద్రాచలం, జగదల్‌పూర్ ఆస్పత్రుల్లో ఎండోస్కోపీ సదుపాయం, అక్కడి నుంచి స్కానింగ్ ఉన్న పెద్దాస్పత్రికి పంపేందుకు రెండు రాష్ట్రాల మధ్య స్పష్టమైన ఏర్పాటు ముందుగా కావాలి. మధుమేహాన్ని తొలిదశలోనే అదుపు చేస్తే, దాని వల్ల యంత్రం దాకా వెళ్లాల్సి వచ్చే వారిలో కొందరైనా ఆ స్థితికి చేరకపోవచ్చు.