పగలు నిద్ర, రాత్రి మెలకువ

మా చిన్నతనంలో సెలవులకు చుట్టాల పిల్లలు వచ్చారంటే రైలు దిగి, కాళ్లు కడుక్కుని, అన్నానికి కూర్చోవడమే. ఇప్పుడు మన మదురై తెలుగు ఇళ్లలో అనేకుల బిడ్డలు సముద్రాలు దాటి వున్నారు. వారు వచ్చేటప్పుడు పెట్టెలతోబాటు అక్కడి పగలునూ రాత్రినీ కూడా వెంట తెస్తున్నారు. దీనినే జెట్‌లాగ్ అంటారు. ఈ నెల దానిని గురించి మనవి చేస్తాము. ముందుగా మా యింట జరిగిన తెలివితక్కువ పని చెప్పుకోవడం న్యాయం.

2024 డిసెంబరులో మా తమ్ముడు భార్యాబిడ్డలతో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చాడు. పిల్లవాడికి ఆరేళ్లు, చిన్నదానికి రెండు. మూడేళ్ల తర్వాత రావడం. సెలవు పదహారు రోజులు. మా అమ్మగారికి ఎనభై రెండేళ్లు. చిన్నదాన్ని ఆమె ఒళ్లోకి తీసుకోవడం అదే మొదలు. అందుచేత వొక్క పూటైనా వృథా కాకూడదని, వారు వచ్చిన మర్నాడే బంధువులకు భోజనాలు ఏర్పాటు చేశాము. నలభై విస్తళ్లు.

మధ్యాహ్నం ఒంటిగంటకు వడ్డన. శీతకాలంలో ఆ ఊరికీ మనకూ 13½ గంటల తేడా. అంటే అక్కడ అప్పుడు ముందురోజు రాత్రి పదకొండున్నర. పిల్లవాడు అప్పడం చేత పట్టుకునే విస్తరి ముందు నిద్రపోయాడు. లేపితే ఏడుపు. చిన్నది ఎవరెత్తుకున్నా వొకటే కేకలు. "అమెరికా పిల్లలకు మనమెక్కడ ఆనుతాములే" అని మా పెద్దత్తయ్య చిన్నబుచ్చుకున్నది. మా మరదలు వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నది. ఇందులో పిల్లల తప్పు లేదు, ఆ అమ్మాయి పెంపకంలో లోపమూ లేదు. అర్ధరాత్రి వేళ పసివాళ్లను లేపి విందుకు కూర్చోబెట్టిన తప్పు మాది.

మన మెదడులో, కంటి నరాలు కలిసే చోటుకు కాస్త పైన, చిన్న కణాల గుంపు వొకటి వున్నది. అదే వొంటి గడియారం. కంటికి తగిలే వెలుతురును బట్టి అది రోజూ తన్ను తాను దిద్దుకుంటుంది. చీకటి పడితే మెలటోనిన్ అనే రసం వూరి, పడుకునే వేళ అయిందని వొంటికి తెలుపుతుంది. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తున్నదో కనిపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం వచ్చింది. చేతి గడియారం ముల్లును క్షణంలో తిప్పవచ్చు. ఈ గడియారం మాత్రం రోజుకు సుమారు గంట, మహా అయితే గంటన్నర జరుగుతుంది. ఆకలి సైతం దాని వెంటే నడుస్తుంది. కనుకనే పిల్లలు రాత్రి రెండింటికి లేచి అన్నమడుగుతారు. అది మొండితనం కాదు.

ఇక చేయవలసినవి. మొదటి మూడు నాలుగు రోజులు విందులు, గుళ్లు, ప్రయాణాలు పెట్టుకోకండి. చూడవచ్చే చుట్టాలకు ముందే మాట చెప్పండి. పగలు పిల్లలు మేలుకున్నంత సేపూ వాకిట్లో, మేడ మీద, వెలుతురులో ఆడనివ్వండి. మధ్యాహ్నం గంటా రెండు గంటలు పడుకోనిచ్చి, మెల్లగా లేపండి. సాయంత్రం దాకా సాగనిస్తే రాత్రి జాగారమే. చంటిబిడ్డలకు మాత్రం ఈ లెక్క వద్దు, నిద్ర వస్తే నిద్రపోనివ్వాలి. భోజనాలు ఇక్కడి వేళకే పెట్టండి. రాత్రి ఆకలంటే వొక అరటిపండో, గ్లాసుడు పాలో చాలు. ఆ వేళ పెద్ద దీపాలు, టీవీ, సెల్‌ఫోను వద్దు. గుడ్డి దీపం పెట్టి మెల్లగా కబుర్లు చెప్పండి.

విమానంలో తరచు మంచినీళ్లు తాగించాలి. దిగేటప్పుడు చెవులు దిబ్బెడ వేస్తాయి గనుక చంటిదానికి పాలివ్వడం మేలు. నిద్ర మందులు, జలుబు మందులు వైద్యుని అడగక పోయకండి. కొందరు పిల్లలకు వాటితో వున్న నిద్ర కూడా పోతుంది. తిరుగు ప్రయాణం బడి తెరిచే నాటికి రెండు మూడు రోజులు ముందుగా వుండాలి. తల్లిదండ్రులు సైతం వంతులవారీగా పడుకోవాలి. దిగిన వెంటనే నిద్రకళ్లతో కారు నడపడం ప్రమాదం.

మా యింట ఆ వంతు వొకటి మా అమ్మగారు తీసుకున్నది. వృద్ధులకు తెల్లవారుజాము నిద్ర ఎలాగూ తక్కువ. మూడో రాత్రి రెండింటికి మేము లేచి చూస్తే, పిల్లవాడు అవ్వ పక్కన కూర్చుని చింతగింజలు లెక్కపెడుతున్నాడు. వాడికి తెలుగు అంతంతమాత్రం, ఆమెకు ఇంగ్లీషు రాదు. పందొమ్మిది తర్వాత ఇరవై అనకుండా వాడు మళ్లీ పది అంటున్నాడు, ఆమె నవ్వుతున్నది. ధనుర్మాసం కావడం చేత నాలుగింటికల్లా వీధిలో ముగ్గులు మొదలయ్యేవి. శాలువా కప్పుకుని ఇద్దరూ వాకిట్లోకి వెళ్లేవారు. వాడు చుక్కలు పెడితే ఆమె గీతలు కలిపేది. తెల్లవారాక గుడి నుంచి వేడి పొంగలి దొన్నె. ఆ పైన నిద్ర.

వారం గడిచేసరికి పిల్లలు మన వేళకు వచ్చారు. అందరమూ సంతోషించాము. మా అమ్మగారు మాత్రం, "వాడు రాత్రి లేవడం మానేశాడే" అన్నది. పదహారు రోజుల్లో వాడు పూర్తిగా ఆమెకు దక్కింది ఆ వేళల్లోనే అని మాకు అప్పటికి గాని తట్టలేదు.

వాళ్లు వెళ్లిన మూడో నాడు, మధ్యాహ్నం మూడున్నరకు ఫోను మోగింది. అక్కడ రాత్రి రెండు గంటలు. వెనుక మా మరదలు వాణ్ణి పడుకోమంటున్నది. వాడు వినిపించుకోకుండా, "అవ్వా, ముగ్గు పెట్టావా?" అన్నాడు. కునుకు తీస్తున్న మా అమ్మగారు లేచి, ఫోను చేతపట్టుకుని, వాడికి చూపడానికి వాకిట్లోకి నడిచింది.