పుస్తక ప్రసంగము: వరుస నవలలు



గత రెండు మూడు మాసములుగా ఈ శీర్షికకు వచ్చుచున్న ఉత్తరములలో ఒక ప్రశ్న పదేపదే కనబడుచున్నది. మంచి నవల ముగిసినంతనే అందలి లోకమును విడిచి రావలసి వచ్చుట కష్టముగా నున్నది. ఒక సంపుటముతో తీఱిపోక, రెండవ దానికిని మూడవ దానికిని చేయి చాపించు నవలలు మన భాషలో గలవా యని. లేకేమి? కలవు. పైగా వానిలో ఒక వరుస మన రేపల్లెలో నివసించిన వారి కలము నుండి వచ్చినది.

నోరి నరసింహశాస్త్రిగారు 1900వ సంవత్సరమున జన్మించి, రేపల్లెలో న్యాయవాదిగా నుండిరి. వకీలు కాగితముల నడుమ తీఱిక చేసికొని వారు వ్రాసిన చారిత్రక నవలలలో “నారాయణభట్టు” 1949లో వెలువడినది. దాని వెనుక “రుద్రమదేవి”, “మల్లారెడ్డి”, “కవిసార్వభౌముడు”, “కవిద్వయము”, “ధూర్జటి” వచ్చినవి. నన్నయ నాటి రాజమహేంద్రవరము మొదలు ధూర్జటి నాటి శ్రీకాళహస్తి వఱకు ఇంచుమించు ఐదువందల యేండ్ల తెలుగు బ్రతుకు ఈ యాఱు పుస్తకములలో నున్నది. ఫ్రెంచి రచయిత బాల్జాక్ ఒక నవలలో కనబడిన మనుష్యులనే మఱియొక నవలలో మరల నడిపించెనని మావారు చెప్పుదురు. శాస్త్రిగారి వరుసలో అట్లు కుదరదు. నడుమ తరములు గడచిపోవును, రాజ్యములు కూలిపోవును. ఒక పుస్తకము నుండి మఱియొక పుస్తకమునకు దాటి వచ్చునది పద్య మొక్కటే.

నా చిన్నతనమున మా తాతగారు భారతము చెప్పుచు, అరణ్యపర్వమున శరద్రాత్రుల వర్ణనము కడ ఆగి, “ఇక్కడితో నన్నయ్యగారు అయిపోయారమ్మా. ఇక ఎఱ్ఱన్నగారు” అనెడివారు. ఎందుకు ఆగారు తాతయ్యా యని అడిగితిని. “ఆగారు, అంతే” యని పుట త్రిప్పిరి. మనలో ఇంటిపట్టున కావ్యములు చదువుకొన్నవారికి ఈ బాధ తెలిసియుండును. పద్యములు కంఠస్థమై యుండును గాని, ఆ కవి ఏ యింట నుండెనో, ఎవరు వండి పెట్టిరో, ఏ దారిని నడచి ఏ రాజు కొలువునకు పోయెనో ఎవ్వరును చెప్పరు. నన్నయ తన భారతపు పీఠికలో నారాయణభట్టు చేసిన సాయమును, యుద్ధమున అర్జునునకు నారాయణుడు చేసిన సాయముతో పోల్చెను. ఆ పద్యము నాకు పదవ యేట వచ్చును. నారాయణభట్టు ఒక మనిషియని మాత్రము నవల చదివిన పిదపనే తోచినది.

వరుసలో దేనితో మొదలు పెట్టవలెనని మీరడుగుదురు. పండితులు “నారాయణభట్టు”తో ననియే చెప్పుదురు, కాలక్రమ మదియే. నేను మాత్రము మన ప్రాంతపు ఆడవారికి “మల్లారెడ్డి”ని ముందుగా చేతికిత్తును. అద్దంకి మన కెఱుక. గుండ్లకమ్మ మన కెఱుక. మోటుపల్లి రేవు పేరైనను విని యుందుము. గణపతిదేవుడు 1244లో అభయశాసనము వేయించి, ఓడలు పగిలి ఒడ్డునకు చేరిన వర్తకుల సొమ్ము జోలికి పోమని మాట యిచ్చిన రేవు అది. అద్దంకిని రాజధానిగా చేసికొన్న ప్రోలయ వేమారెడ్డికి మల్లారెడ్డి తమ్ముడు. ఆ తమ్ముడే ఎఱ్ఱాప్రగడను నెయ్యముతో తోడ్కొని వచ్చి అన్నగారి కప్పగించెనని హరివంశపు పీఠికయే చెప్పుచున్నది. తెలిసిన యూళ్లలో కథ నడచుచుండగా చరిత్ర భయపెట్టదు. ఆ భయము తీఱిన పిదప వెనుకకు మఱలి నన్నయ నాటికి పోవచ్చును. 

తరువాత “కవిసార్వభౌముడు”. ఇది శ్రీనాథుని పుస్తకము, కనుక కొండవీటి పుస్తకము. చిలకలూరిపేట దాపున మా యూర మిద్దె యెక్కి చూచినచో ఆ కొండలు కనబడును. దీనిని నేను ఒంటరిగా చదువలేదు. మిరపకాయలు కళ్లము నుండి వచ్చిన పిదప, మా వీథి అరుగుమీద ఏడెనిమిది మంది కూర్చుండి తొడిమలు తీయుచుండగా చదివి వినిపించితిని. ఘాటునకు తుమ్ములు వచ్చి ప్రతి పుటకును ఒక విరామము! పల్నాటి జొన్నకూటిని వెక్కిరించిన చాటువులు శ్రీనాథుని పేర ప్రచారములో నున్నవి గదా. మాచర్ల పుట్టినిల్లుగా గల మా తోడికోడలు ఆ సంగతిని నేటికిని క్షమింపలేదు. విద్యాధికారి పదవికిని, కనకాభిషేకమునకును ఆమె “ఊఁ” అని యూరకొన్నది.

నవల ముగిసిన నాడు, ఆయన అవసానకాలమును గుఱించిన చాటువును కూడ అర్థముతో చెప్పితిని. కొండవీటి రాజ్యము పోయినది. ముసలితనమున బొడ్డుపల్లిని గుత్తకు తీసికొనెను. పంటను కృష్ణ కొట్టుకొని పోయినది. నువ్వులను పెసలను పిట్టలు తినిపోయినవి. ఏడువందల టంకములు కట్టవలసి యున్నది. అంతవఱకు తలయెత్తక తొడిమలు తీయుచున్న ఒకామె చేయి ఆపినది. వారు మూడెకరములు కౌలునకు తీసికొని ప్రత్తి వేసినవారు. ఆ యేడు గులాబిరంగు పురుగు కాయను తొలిచివేసినది. “అయితే ఆయనా కౌలుదారేనా అక్కయ్యా? చివరికి ఎవరు కట్టారు?” అని అడిగినది. ఎవరును కట్టలేదమ్మా, ఆయన శిక్షయే అనుభవించెనని చాటువు చెప్పుచున్నదంటిని. ఆమె మరల మాటాడలేదు. మఱునాడు వచ్చి, “ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా? మా ఆయనకి చదివి వినిపిస్తా” అన్నది. ఇరువదేండ్లుగా శ్రీనాథుని చదువుచున్నాను; ఆయనను కౌలు రైతుగా నాకు చూపినది ఆమెయే.

“రుద్రమదేవి”ని చదువునప్పుడు అడివి బాపిరాజుగారి “గోన గన్నారెడ్డి”ని కూడ దాపున నుంచుకొనుడు. ఆ రాణి కాలమునే ఇరువురును వ్రాసిరి. బాపిరాజుగారిది పరుగు, శాస్త్రిగారిది నడక. కన్నెపిల్లలకు మొదటిది, తల్లులకు రెండవది నచ్చుట నేను గమనించితిని, కారణము చెప్పలేను. చదివిన పిదప వీలైనచో తుళ్లూరు దాపుననున్న మల్కాపురము పోయి శాసనమును చూడుడు. అది 1261 నాటిది. రుద్రమదేవి మందడము గ్రామమును విశ్వేశ్వర శివాచార్యున కిచ్చినట్లును, దాని రాబడిలో కొంత ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును ఏర్పఱచినట్లును అందున్నది. యుద్ధములును బిరుదములును పాఠ్యపుస్తకములలో మనకు చెప్పిరి; కాన్పుల ఇల్లు ఒకటి ఉండెనని ఎవరైనను చెప్పిరా?

ఇక విశ్వనాథ సత్యనారాయణగారు. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము పొందిన ఈ మహాకవి వరుస నవలలను వ్రాయుటలో ఎవ్వరికిని అందరు. “భగవంతుని మీద పగ”తో మొదలై “నివేదిత”తో ముగియు పురాణవైర గ్రంథమాల పండ్రెండు నవలలు. నేపాళ రాజవంశ కథలు ఆఱు. కాశ్మీర రాజవంశ కథలు ఆఱు. వెరసి ఇరువదినాలుగు. వీనిలో పెక్కు ఆయన నోట చెప్పుచుండగా ఇతరులు వ్రాసికొన్నవి. చదువునప్పుడు ఆ నోటి మాట వినబడును, అప్పుడప్పుడు దారి తప్పి కబుర్లలో పడుటయు వినబడును. మొదటి మాలలోని కాలగణనము కోట వేంకటాచలముగారి మతము ననుసరించినది. పాశ్చాత్య చరిత్రకారులు చెప్పిన తేదీలను ఒప్పుకొనదు, పాఠశాలలో చెప్పు చరిత్రతోను కలియదు. కథను కథగా చదువుకొని ఆనందింపుడు గాని, పిల్లలు ఆ తేదీలను పరీక్షలో వ్రాయకుండ చూచుకొనుడు. పంతులుగారి భార్యగా ఈ మాత్రము హెచ్చరింపక తప్పదు.

నాకు మిక్కిలి ప్రియమైనవి నేపాళ కథలు. వాని పేర్లు చూడుడు: “దిండు క్రింది పోకచెక్క”, “చిట్లీ చిట్లని గాజులు”, “దంతపు దువ్వెన”. రాజవంశముల చరిత్రకు ఆడవారి గదిలోని వస్తువుల పేర్లు! సింహాసనములు తలక్రిందులగుట దిండు క్రిందనే మొదలగునని ఆయనకు తెలియును కాబోలు. పండ్రెండు సంపుటములకు జంకువారు ఈ యాఱింటితో మొదలు పెట్టవచ్చును.

అయితే ఇన్ని పుస్తకములు ఎవరింట నున్నవి? ఏ యొక్కరింటను లేవు; చిక్కు అదియే. విడి నవల పోయినచో ఒక నవలయే పోవును. వరుసలో ఒకటి పోయినచో మిగిలినవన్నియు కుంటివగును. పుస్తకమును, స్త్రీని, ధనమును ఒక వరుసను కూర్చి, పరుల చేతికి పోయినచో తిరిగి రావని చెప్పిన సంస్కృత శ్లోక మొకటి మన మగవారికి కంఠస్థము. అడిగినవారికి పుస్తకము ఈయకుండుటకు దానిని అడ్డు పెట్టుకొందురు. ఆ వరుసలో మనలను చేర్చినందులకు నాకు కోపమే గాని, దానికంటె పెద్ద యభ్యంతరము వేఱొకటి యున్నది. బీరువాలో తాళము వేసిన పుస్తకము మాత్రము తిరిగి వచ్చుచున్నదా? ఇండ్లు పంచుకొన్నప్పుడు అది తూకమునకు పోవుట మనము చూచుచునే యున్నాము.

ఇచ్చి పుచ్చుకొనుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. 1935లో తెనాలి వైపు పెదపాలెము నుండి పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పేర్చి, కాలువ వెంబడి కొల్లూరు, పెదవడ్లపూడి నడుమనున్న గ్రామములకు పంపిరి. చీరాల దాపున వేటపాలెములో 1918లో మొదలైన గ్రంథాలయమే సారస్వత నికేతనము. దాని భవనమునకు 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిరి. మన గుంటూరు సీమవారైన ఉన్నవ లక్ష్మీనారాయణగారి “మాలపల్లి”ని సర్కారువారు నిషేధించిరి. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిమ్మటనే ఆ నిషేధము పూర్తిగా తొలగినది. పుస్తకము ఇంటింటికి నడచుట ఎంత పెద్ద పనియో దీనిని బట్టి తెలియుచున్నది.

మా వీథిలో మేము ఆఱిండ్లవారము ఒక ఏర్పాటు చేసికొంటిమి. ఒక్కొక్క యింట ఒక్కొక్క సంపుటము. చదివినవారు తరువాతి యింటికి తామే తీసికొనిపోయి ఈయవలెను, పిల్లలచేత పంపరాదు. చేతి కిచ్చునప్పుడు రెండు మాటలు చెప్పవలెను: ఏది బాగున్నది, ఎచ్చట విసుగు పుట్టినది. కథ మాత్రము చెప్పరాదు. ఈ కడపటి నియమమును నిలుపుకొనుట మా యెదురింటి పిన్నిగారికి మహాకష్టముగా నున్నది.

ఈ ఏర్పాటునకు ముందే మా యింటి “కవిద్వయము” బంధువుల చేతికి పోయి, వారు ఊరు మాఱుటతో జాడ తెలియకున్నది. నంది మల్లయ, ఘంట సింగయ జంటగా కావ్యము చెప్పిన కాలపు కథ అది, వరుసలో ఐదవది. మా అత్తగారికి నీటికాసుల వలన చూపు పోయి రెండేండ్లయినది. రాత్రి భోజనములైన పిదప ఆమెకు చదివి వినిపించుచుందును. నాలుగు పుస్తకములు పూర్తియైనవి. ఐదవది దొరకుటలేదు, ఆఱవది చదివెద నంటిని. “పప్పు పెట్టి, చారు పొయ్యకుండా మజ్జిగ పోస్తానంటావేంటమ్మాయ్?” అనిరి. ఫోనులో దొరకునేమోయని మా అమ్మాయి వెదకుచున్నది. దొరకినను సగమే లాభము. అత్తగారు ప్రతి రాత్రియు పుస్తకమును చేతికి తీసికొని, చదివిన పుటలెన్నో మిగిలినవెన్నో బొటనవ్రేలితో తడవి చూచుకొందురు. మిగిలినవి పలుచనైన కొలది, ఆ నాటికి చాలునని నన్ను ముందుగానే ఆపివేయుదురు.

కావున ఈ పత్రికను చదువు సోదరీమణులలో ఎవరియొద్దనైనను “కవిద్వయము” ఉన్నచో, పదునైదు దినములకై దయచేసి పంపుడు. పత్రిక కార్యాలయమునకు పంపినచో నాకు చేరును. రానుపోను తపాలా ఖర్చులు మావి. ఆ పదునైదు దినములును మీకు తోచుబడి కాకుండుటకై మా “దంతపు దువ్వెన”ను అట్ట వేసి మీకు పంపెదను. అరువది నాలుగవ పుట కొంచెము చిరిగినది, చూచి త్రిప్పుడు.