అల్లిక కూడా విద్యే

నేతకూ అల్లికకూ గల భేదాన్ని చాలామంది గమనించరు. నేతలో పడుగు, పేక అనే రెండు వరుసల దారాలుంటాయి. వాటిని బిగించి పట్టడానికి మగ్గం కావాలి. అల్లికలో నడిచే దారం ఒక్కటే. అది ఉచ్చులు పడుతూ, ఒక ఉచ్చులో నుండి మరొక ఉచ్చు వెలువడుతూ వస్త్రంగా రూపొందుతుంది. అల్లిన గుడ్డ సాగి, తిరిగి యథాస్థితికి వస్తుంది. పాదాన్ని అంటిపెట్టుకొని ఉండవలసిన మేజోడుకు ఈ గుణమే ప్రధానం.

కొన్నేళ్ళ క్రితం విద్యార్థులతో కలిసి హిమాచల్ ప్రదేశ్‌కు విహారయాత్ర వెళ్ళాను. మనాలి బజారులో లాహౌల్ లోయకు చెందిన ఒక వృద్ధురాలు ఊలు మేజోళ్ళు అమ్ముతూ, మధ్యమధ్య మరొక జత అల్లుకుంటున్నది. ధర విని నేను బేరానికి దిగాను. “కాలక్షేపానికి అల్లేవే కదా, ఇంత ధర ఎందుకమ్మా?” అని హిందీలో అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. సగం అల్లిన మేజోడును సూదులతో సహా నా చేతిలో పెట్టి, ‘నీవు అల్లి చూడు’ అన్నట్లు నవ్వింది.

ఆ నవ్వులోని అర్థం తరువాత పుస్తకాలు చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించాను. మేజోడు అల్లడానికి రెండు కొనలూ మొనదేలిన సూదులు నాలుగో అయిదో కావాలి. సాధారణంగా అనుసరించే ఒక పద్ధతిలో పని పై అంచు నుండి మొదలవుతుంది. 64 ఉచ్చులు ఎత్తారనుకుందాం. వాటిని నాలుగు సూదులకు 16 చొప్పున పంచి, అయిదవ సూదితో గుండ్రంగా అల్లుకుంటూ పోతే అతుకు లేని గొట్టం ఏర్పడుతుంది. అసలు పరీక్ష మడమ వద్ద ఎదురవుతుంది. పాదం అక్కడ మలుపు తిరుగుతుంది కనుక గొట్టం కూడా తిరగాలి. అందుకని 32 ఉచ్చులను కదపకుండా ఉంచి, తక్కిన 32 ఉచ్చుల మీద మాత్రమే ముందుకూ వెనక్కూ అల్లి చిన్న పలక వంటి భాగాన్ని తయారుచేస్తారు. పిమ్మట వరుసను చివరి దాకా పోనీయక మధ్యలోనే తిప్పుతూ, రెండేసి ఉచ్చులను ఒకటిగా కలుపుతూ పోగా గిన్నె వంటి మడమ రూపుదిద్దుకుంటుంది. ఆ పలక అంచుల నుండి కొత్త ఉచ్చులు ఎత్తుకొని మళ్ళీ గుండ్రంగా అల్లుతూ, అధికమైన వాటిని క్రమంగా తగ్గించి వేళ్ళ వద్ద ముగిస్తారు. ఒక్క ఉచ్చు జారినా నిచ్చెన మెట్లు విడిపోయినట్లు కింది వరుసలు విడిపోతాయి. కాగితం మీద వేస్తే ఇది గణితం. చేతిలో ఉంది కనుక మనం దీనిని కాలక్షేపమన్నాం.

లాహౌల్ స్త్రీలకు ఈ విద్య 19వ శతాబ్దంలో అబ్బింది. కేలాంగ్‌లో స్థిరపడిన మొరేవియన్ మిషనరీలలో మరియా హైడె అనే ఆమె స్థానిక స్త్రీలకు సూదులతో అల్లడం నేర్పారు. ఆ స్త్రీలు తమవైన రంగులను, ఆకృతులను అందులో ప్రవేశపెట్టి దానిని సొంతం చేసుకున్నారు. 2020లో అటల్ సొరంగం ప్రారంభమయ్యే వరకు చలికాలంలో మంచు కప్పిన రోహతాంగ్ కనుమ వారిని నెలల తరబడి బయటి ప్రపంచానికి దూరం చేసేది. అటువంటి చోట ఊలు మేజోడు అలంకారం కాదు, అవసరం. 2021లో లాహౌలీ మేజోళ్ళకు, చేతి తొడుగులకు భౌగోళిక గుర్తింపు లభించింది.

మన నరసాపురం లేసు కథ కూడా ఇటువంటిదే. అక్కడా 19వ శతాబ్దంలో మిషనరీలే నేర్పారు. అక్కడా అల్లేవారు స్త్రీలే. సాధనం మాత్రం వేరు: కొక్కెం గల ఒకే ఒక సూది. మా అమ్మగారు ఆ ప్రాంతపు ఆడపడుచు. వంటపని ముగిశాక దీపం ముందు కూర్చుని తెల్లని దారంతో పూలు అల్లేవారు. దారం ఇచ్చిపోయే మధ్యవర్తి పూలు లెక్కపెట్టి చిల్లర చేతిలో పెట్టేవాడు. “ఆవిడకదో కాలక్షేపం” అనేవారు మా నాన్నగారు. నా పరీక్ష రుసుము ఆ కాలక్షేపం నుండే వచ్చిందని నాకు తెలుసు. అయినా మనాలిలో అదే మాట నా నోట వెలువడింది.

ఈ మాట నిరపాయకరమైనది కాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివారిని అధ్యయనం చేసి 1982లో ఒక గ్రంథం ప్రచురించారు. వారి లేసు విదేశాలకు పోతున్నా, వారిని కార్మికులుగా గాక ఇంట్లో తీరికగా ఉండే ఇల్లాళ్ళుగా చూడటం వల్లనే కూలి అంత తక్కువగా ఉన్నదని ఆమె వాదించారు. 2024లో నరసాపురం లేసుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించదగిన విషయమే. కాని గుర్తింపు వస్తువు పేరును కాపాడుతుంది. కూలిని దానంతట అది పెంచదు.

యంత్రం చౌకగా ఇస్తుండగా చేతిపనికి ఎక్కువ ధర ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే కనిపెట్టాడు. యంత్రాన్ని నిందించవలసిన పనిలేదు. నిత్యం ధరించడానికి దాని మేజోళ్ళే చాలు. అయితే చేతితో అల్లినదే కావాలని కోరి, యంత్రపు ధరకే ఇమ్మనడం న్యాయం కాదు.

మన పూర్వులు అరవైనాలుగు కళలలో సూదిపనిని కూడా చేర్చారు. కళ అని గౌరవించిన దానికి తగిన మూల్యం చెల్లించడం ఆ గౌరవంలో భాగమే. విద్యార్థులు ఈసారి చేతి అల్లిక వస్తువును కొనేటప్పుడు ఒక చిన్న లెక్క వేయాలి. దానికి ఎన్ని గంటలు పట్టిందో అడిగి, ధరలో దారం ఖరీదు తీసివేసి, మిగిలిన దానిని ఆ గంటలతో భాగించాలి. వచ్చిన ఫలితం వ్యవసాయ కూలీ గంట సంపాదన కంటే తక్కువైతే, బేరమాడటానికి నోరు రాకూడదు.