పాలు వస్తే నింద వేయకండి



బాలింత కాని స్త్రీకి, పెళ్లికాని అమ్మాయికి రొమ్ము నుండి పాలు కారితే మన కొలకలూరు చుట్టుపక్కల ఇళ్లలో మొదట పుట్టేది అనుమానం. తల్లి తలుపు వేసి కూతురిని నిలదీస్తుంది. అత్తగారు పుట్టింటికి కబురు పెడుతుంది. ఆసుపత్రికి తీసుకురావడం అన్నిటికంటే ఆఖరు. మొదట రావలసింది ఆసుపత్రికేనని నా అభిప్రాయం.

పాలు రావడానికి గర్భమే కారణం కానక్కరలేదు. మెదడు అడుగున శనగగింజంత పీయూష గ్రంథి ఉంది. పాలు ఊరించే ప్రోలాక్టిన్ అనే హార్మోను అక్కడే తయారవుతుంది. మెదడు నుండి వచ్చే డోపమిన్ దానికి కళ్లెం. ఆ కళ్లెం సడలితే పాలు వస్తాయి, నెలసరి తప్పుతుంది, సంతానం కలగడం కష్టమవుతుంది. నెల తప్పి, పైగా పాలు కూడా వస్తే ఊరు ఏమంటుందో నేను చెప్పనక్కరలేదు.

కళ్లెం సడలించే మందులు మన గూటిలోనే ఉంటాయి. గ్యాస్ బిళ్ళలని పిలుచుకునే వాటిలో చాలావాటికి డోంపెరిడోన్ గాని, లెవోసల్పిరైడ్ గాని కలిసి ఉంటుంది. చీటీ లేకుండా తెచ్చుకొని నెలల తరబడి మింగేవారు ఎందరో! మానసిక జబ్బుకు ఇచ్చే రిస్పెరిడోన్ వల్ల కూడా ఇలా జరుగుతుంది. అయితే దాన్ని సొంతంగా ఆపకూడదు, డాక్టరుగారే మార్చి ఇస్తారు. థైరాయిడ్ తక్కువైనా ప్రోలాక్టిన్ పెరుగుతుంది. కనుక వచ్చేటప్పుడు వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకొని రండి.

ఇవేవీ కాకపోతే గ్రంథిలో గడ్డ ఉందేమోనని ఎమ్మారై తీయిస్తారు. గడ్డ అనగానే ఇల్లంతా ఏడుపు మొదలవుతుంది. ఇది క్యాన్సర్ కావడం బహు అరుదు. స్త్రీలలో ఎక్కువగా సెంటీమీటరు లోపే ఉంటుంది. కాబర్గోలిన్ బిళ్ళ వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటే చాలామందికి ఆపరేషన్ లేకుండానే కుంచించుకుపోతుంది, నెలసరి తిరిగి వస్తుంది. తలనొప్పితో పాటు పక్కచూపు తగ్గితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. రొమ్ము నుండి రక్తం వస్తే అది వేరే సంగతి, అదీ వెంటనే చూపించాలి.

హన్నాను పెనిన్నా విసిగించినట్టు బిడ్డలు లేని కోడలిని మాటలతో పొడిచేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆమె పేరు ప్రార్థన కూడికలో చదివిస్తారు గాని ఒక్క రక్తపరీక్ష చేయించరు. ప్రార్థన వద్దనడం లేదు, పరీక్ష కూడా చేయించమంటున్నాను.

1898లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు గుంటూరులో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు. ఇన్నేళ్ల తరువాత కూడా ఈ బాధను కొంగు చాటున దాచుకుంటున్నారంటే నాకు కష్టంగా ఉంటుంది.

పాలు ఆగాయో లేదోనని రొమ్మును మాటిమాటికీ పిండి చూడకండి, అలా చేస్తే ఇంకా వస్తాయి. గర్భ పరీక్ష కూడా చేస్తారు. పెళ్లికాని అమ్మాయికైనా అది అనుమానంతో కాదు, పద్ధతి ప్రకారం చేసేదే. డాక్టరుగారి ముందు నోరు రాకపోతే ముందుగా మా నర్సమ్మల్లో ఎవరికైనా చెవిలో చెప్పండి.